చుక్కలు లేని ఫోటోకి ప్రెస్సు ఏం చేస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

సరిహద్దుకి ఇవతల ఒడిశాలో ఉన్నా, పర్లాకిమిడిలో తెలుగు ఇళ్ళ గుమ్మాల్లో పొద్దున్నే తెలుగు పేపరు పడాల్సిందే. పేపరు తిరగేస్తున్నప్పుడు ఈ మధ్య తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ముఖం గుర్తుపట్టేలా లేదు". శ్రద్ధాంజలి ప్రకటనల్లో పెద్దవాళ్ళూ, ర్యాంకులొచ్చిన పిల్లలూ ఆవిరి పట్టిన అద్దం వెనకాల నిలబడ్డట్టు కనిపిస్తున్నారు. డబ్బు కట్టి ప్రకటన వేయించినవాళ్ళకి కోపం రావడం న్యాయమే. ఆ కోపం ముందు డీటీపీ షాపు మీదకి, అక్కణ్ణించి మీ ప్రెస్సు మీదకి వెళ్తోంది. చాలాసార్లు తప్పు ఈ రెండు చోట్లా ఉండదు. ఫోటో మా దాకా రాకముందే, ఒక ఫోనులోంచి ఇంకో ఫోనుకి మారేటప్పుడే సగం చచ్చి వస్తోంది. డీటీపీ, ఫోటో స్టూడియో, ఫ్లెక్సు పనుల్లో ఉన్నవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. కాస్త పొడుగైంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే మా నమస్కారం కత్తిరించండి గాని లెక్కలు కత్తిరించకండి.

డిజిటల్ ఫోటో అంటే చుక్కల ముగ్గు. అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని అని చుక్కలు పెట్టేశాక, ఆ ముగ్గుని వాకిలి నిండా సాగదీస్తే చుక్కల మధ్య ఎడం పెరుగుతుంది గాని చుక్కలు పెరగవు. ఆ ఒక్కో చుక్కనే పిక్సెల్ అంటారు. దానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఈ కలయికలు మొత్తం 1,67,77,216 రంగులు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ ఫోటోని మొదటిసారి కంప్యూటర్‌లోకి స్కాన్ చేసినప్పుడు ఆ బొమ్మ 176 బై 176 చుక్కలు, అంటే మొత్తం 30,976. ఇప్పటి ఫోను ఒక్క నొక్కుకి 4000 బై 3000, అంటే కోటీ 20 లక్షల చుక్కలు పెడుతుంది. ఫోను పెట్టె మీద 50 మెగాపిక్సెల్ అని ఉన్నా మామూలు మోడ్‌లో బయటికి వచ్చేది దాదాపు ఇంతే. ఆ కెమెరా నాలుగేసి చుక్కల్ని కలిపి ఒకటిగా లెక్కేస్తుంది కాబట్టి.

ఒక్కో చుక్కకి మూడు బైట్లు చొప్పున ఆ ఫోటో 36 ఎంబీ ఉండాలి. గ్యాలరీలో చూస్తే మూడో నాలుగో ఎంబీలు చూపిస్తుంది. మిగతాదంతా జేపెగ్ మింగేసింది. 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి బొమ్మని 8 బై 8 చుక్కల గళ్ళుగా కోసి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సన్నటి తేడాల్ని వదిలేస్తుంది. రంగుల సంగతైతే ఇంకా పొదుపు: వెలుగునీడల్ని చుక్క చుక్కకీ రాసుకుంటుంది గాని, రంగుని చాలాసార్లు నాలుగు చుక్కలకి కలిపి ఒకటే రాస్తుంది. ఒకసారి చేస్తే నష్టం కనబడదు. అదే ఫోటోని తెరిచి, కాస్త మార్చి, మళ్ళీ జేపెగ్‌గా సేవ్ చేసి, మర్నాడు మళ్ళీ తెరిచి సేవ్ చేస్తే ప్రతిసారీ మిగిలినదాంట్లోంచే కోత పడుతుంది. పనిలో ఉన్న ఫైలుని, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ల సొంత పద్ధతిలో, అంటే గింప్‌లో ఎక్స్‌సీఎఫ్‌గానో, ఫోటోషాప్‌లో పీఎస్‌డీగానో ఉంచుకుని, ఇవ్వాల్సిన రోజున ఒక్కసారే జేపెగ్ తియ్యాలి.

ఇక వాట్సాప్. మామూలుగా ఫోటో పంపితే అది పొడుగు వైపుని 1600 చుక్కల దగ్గరికి కుదించి, పైన ఇంకోసారి జేపెగ్ కోత పెడుతుంది. 4000 బై 3000 కాస్తా 1600 బై 1200 అయింది. కోటీ 20 లక్షల చుక్కల్లో మిగిలినవి 19 లక్షల 20 వేలు, ఆరో వంతు కూడా లేవు. ఫోనులో చూసుకోవడానికి ఆ ఆరో వంతే ఎక్కువ, అందుకే పంపినవాళ్ళకి తేడా తెలియదు. "నా ఫోనులో బాగానే ఉంది కదా" అంటారు. అయిదంగుళాల గాజు మీద ఏ ఫోటో అయినా బాగానే ఉంటుంది.

పెళ్లిలో పదిమంది వరసగా నిలబడ్డ గ్రూపు ఫోటోనే తీసుకోండి. అడ్డంగా 4000 చుక్కలుంటే ఒక్కో మనిషి వంతుకి 400, అందులో ముఖం వెడల్పు సుమారు 140. వాట్సాప్‌లో వచ్చేసరికి ఆ ముఖం 56 చుక్కలు. ఆ మనిషి పోయాక ఇంట్లో వేరే ఫోటో దొరక్క, ఈ 56 చుక్కల ముఖాన్నే కోసి, రెండడుగుల వెడల్పున ఫ్లెక్సు మీద కావాలంటారు. 24 అంగుళాల్ని 56తో భాగించండి. ఒక్కో చుక్క శనగ గింజంత అవుతుంది. అసలు ఫోటో ఇచ్చి ఉంటే కందిపప్పు బద్దంత అయ్యేది, అది రోడ్డు అవతలి నుంచి చూసేవాడికి సరిపోతుంది. మీ పేపర్లో రెండంగుళాల ముఖం వెయ్యాలంటే అంగుళానికి 200 చుక్కలు కావాలి, అంటే 400. చేతిలో ఉన్నవి 56. సాఫ్ట్‌వేర్ ఖాళీల్ని పక్క చుక్కల సగటుతో నింపి నునుపు చేస్తుంది కాబట్టి గళ్ళు కనిపించవు, వాటి బదులు మసక మిగులుతుంది. జనం "బ్లర్ అయింది" అనేదీ, "ఫోటో పగిలింది" అనేదీ ఒకే జబ్బు.

మందు చిన్నదే. వాట్సాప్‌లో పేపర్ క్లిప్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుని, అందులోంచి ఫోటో పంపాలి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు, అదే ఎంబీతో వెళ్తుంది. పైన కనిపించే హెచ్‌డీ బటన్ నొక్కినా కొంత మేలే గాని అందులోనూ కుదింపు ఉంది. ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్‌గానో, గూగుల్ డ్రైవ్ లింకుగానో ఇచ్చినా సరే. మూడు పనులు మాత్రం చెయ్యకూడదు. స్టేటస్‌లోంచి స్క్రీన్‌షాట్ తీసి పంపకూడదు, తెర మీద ఎన్ని చుక్కలుంటే అంతే వస్తాయి, పైగా వాటిలో సగం నల్ల పట్టీలే. గోడ మీది పటాన్ని అద్దంతో సహా ఫోనుతో తియ్యకూడదు, ట్యూబులైటు సరిగ్గా నుదుటి మీద పడుతుంది. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటోని మళ్ళీ దింపి పంపకూడదు, అదీ కుదించేదే.

ఫోటోకి ఎన్ని చుక్కలు కావాలన్నది దాన్ని ఎంత దూరం నుంచి చూస్తారన్నదాని మీద ఉంటుంది. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు తేడాని పట్టగలదు. చేతిలో పట్టుకుని పది అంగుళాల దూరంలో చూస్తే అది అంగుళానికి 340 చుక్కల దాకా వస్తుంది. ఫోటో ప్రింటుకి 300 అనే అంకె ఇలా స్థిరపడిందే. 4 బై 6 ప్రింటుకి 1200 బై 1800, ఏ4 కాగితానికి 2480 బై 3508. అదే పదడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సుకి అంగుళానికి 29 చుక్కలున్నా కన్ను పట్టుకోలేదు. 72 పెడితే పుష్కలం. కొత్తగా డిజైనింగ్ నేర్చుకున్న కుర్రాళ్ళు పది బై ఆరడుగుల ఫ్లెక్సుకి కూడా 300 పెట్టి మొదలుపెడతారు. 36,000 బై 21,600 చుక్కలు, అచ్చుకి వాడే నాలుగు సిరాలకి చుక్కకి నాలుగు బైట్ల లెక్కన 3 జీబీ పైన. సిస్టమ్ మూలుగుతుంది. పొడుగు 30,000 చుక్కలు దాటింది కాబట్టి మామూలు పీఎస్‌డీగా సేవ్ కూడా అవ్వదు, పెద్ద ఫైళ్ళకుండే పీఎస్‌బీ అడుగుతుంది. అదే 72తో అయితే 8640 బై 5184, అంతా కలిపి 180 ఎంబీ లోపు. పని సాగుతుంది, ఫ్లెక్సు మీద తేడా ఎవరికీ తెలియదు.

ఇంకో భ్రమ ఉంది. ఫోటోషాప్ ఇమేజ్ సైజ్ పెట్టెలో, అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే డీపీఐ దగ్గర 72 కొట్టేసి 300 రాస్తే ఫోటో బాగుపడిందనుకుంటారు. రీశాంపుల్ టిక్కు తీసేసి అంకె మారిస్తే ఫైలు లోపల ఒక చీటీ మాత్రమే మారుతుంది, చుక్కలన్నీ ఉన్నవే, ప్రింటు కొలత చిన్నదవుతుంది. టిక్కు ఉంచి మారిస్తే లేని చుక్కల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి పోస్తుంది. మజ్జిగలో నీళ్ళు పోస్తే గ్లాసులు పెరుగుతాయి, పెరుగు పెరగదు. ఎవరైనా "300 డీపీఐ ఫోటో ఇవ్వండి" అని అడిగితే ఎన్ని అంగుళాలకి అని తిరిగి అడగాలి. కొలత చెప్పకుండా డీపీఐ ఒక్కటే చెప్తే దానికి అర్థం లేదు.

గ్రూపు ఫోటో కంటే బీరువాలో పడున్న పాత పాస్‌పోర్టు ఫోటో వెయ్యి రెట్లు నయం. దాన్ని ఫోనుతో తియ్యకుండా స్కానర్ మీద పెట్టించండి. 35 మిల్లీమీటర్ల వెడల్పు ఫోటోని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 413 చుక్కలే, 600లో 827, 1200లో 1654. ఎనిమిదంగుళాల వెడల్పు పటం కట్టించాలంటే 1200లో చెయ్యాల్సిందే, అప్పుడే అంగుళానికి 200 పైన నిలుస్తాయి. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్ మోడ్‌లోనే స్కాన్ చెయ్యాలి. చుక్కకుండే మూడు అంకెల్లో ఒక్కో రంగు అంకెల్ని విడిగా చూపేదే చానెల్. పసుపు మరకలు నీలం చానెల్‌లో ముదురుగా, ఎరుపు చానెల్‌లో దాదాపు కనబడకుండా ఉంటాయి. ఎరుపు చానెల్ ఒక్కటే తీసుకుని నలుపు తెలుపు చేస్తే సగం మరకలు వాటంతటవే పోతాయి, పక్క చోటు తెచ్చి మరక మీద అద్దే క్లోన్ టూల్ పట్టుకుని గంటసేపు కూర్చునే పని తప్పుతుంది. ఫైలుని టిఫ్‌గానో పీఎన్‌జీగానో దాచాలి. స్కాన్‌కి ముందు గాజుని మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి. 1200లో ఒక్క దుమ్ము రేణువు కూడా వెంట్రుక పడ్డట్టు కనిపిస్తుంది. పాత పేపరు ముక్కలోంచి ఫోటో తియ్యాల్సి వస్తే స్కానర్ సెట్టింగుల్లో డీస్క్రీన్ పెట్టాలి. లేకపోతే అచ్చు చుక్కలూ స్కానర్ చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి ముఖం మీద దోమతెర వేసినట్టు గళ్ళు వస్తాయి.

పాత ఫోటోని క్షణంలో బాగుచేసే ఏఐ యాప్‌ల గురించి ఒక మాట. 56 చుక్కల ముఖాన్ని ఇస్తే అవి కనురెప్పల వెంట్రుకలతో సహా తీర్చిదిద్ది ఇస్తాయి. చూడగానే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. రెండోసారి చూసినప్పుడు "నాన్నలా లేరేంటి" అంటారు. ఆ వెంట్రుకలు ఫోటోలో లేవు, లక్షల ఇతర ముఖాలు చూసి నేర్చుకున్నదాంట్లోంచి తెచ్చి అతికించినవి. బుగ్గ మీది పుట్టుమచ్చని మరక అనుకుని తీసేస్తుంది, వంకర పన్నుని సరిచేస్తుంది, చామనఛాయని తెల్లబరుస్తుంది. కాగితం మీది గీతలు తియ్యడానికి, వెనకాల బ్యాక్‌గ్రౌండ్ కటింగ్‌కి వాటిని వాడుకోవచ్చు. పోయిన మనిషి ముఖానికి మాత్రం వద్దని మా గట్టి అభిప్రాయం. మసకగా ఉన్నా సరే, రెండంగుళాల బదులు ముప్పావంగుళంలో వేయించుకోండి. ఫోటో చిన్నదైతే చుక్కలు దగ్గరకి వస్తాయి, మసక దానంతటదే తగ్గుతుంది.

ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే పిల్లల కష్టం దీనికి తలకిందులు. వాళ్ళ ఫోటో మరీ పెద్దదై తిప్పలు పడతారు. బ్యాంకు పరీక్షల దరఖాస్తుకి ఫోటో 200 బై 230 చుక్కలు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 బై 60, 10 నుంచి 20 కేబీ. చుక్కలు వేరు, కేబీ వేరు అన్నది తెలియక 4000 చుక్కల ఫోటోని అలాగే ఉంచి క్వాలిటీని అడుగంటా తగ్గించి 50 కేబీ చేస్తారు. ముఖమంతా ఎనిమిదేసి చుక్కల గళ్ళు తేలి, గచ్చు పలకలు పరిచినట్టు ఉంటుంది. వరస తిరగెయ్యాలి: ముందు కోత, తర్వాత చుక్కలు తగ్గించడం, చివర క్వాలిటీ. ఉచితంగా దొరికే గింప్‌లో క్రాప్ టూల్ తీసుకుని, ఫిక్స్‌డ్ యాస్పెక్ట్ రేషియో టిక్కు పెట్టి 20:23 రాసి, తల పైన వేలెడు చోటు వదిలి కొయ్యాలి. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్ళి 200 బై 230 చెయ్యాలి. ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో జేపీజీ అని పేరు పెట్టాక వచ్చే పెట్టెలో షో ప్రివ్యూ టిక్కు పెడితే, క్వాలిటీ స్లైడర్‌ని జరుపుతున్న కొద్దీ కేబీ ఎంతవుతోందో అక్కడే చూపిస్తుంది. 20కి తగ్గితే కుడికి, 50 దాటితే ఎడమకి. అంతే పని.

సంతకానికి వచ్చే చిక్కు వేరు. 140 బై 60 చుక్కల బొమ్మని ఏ కుదింపూ లేకుండా పెట్టినా 25 కేబీ మించదు. జేపెగ్ చేశాక క్వాలిటీ 100 పెట్టినా చాలాసార్లు 10 కేబీ అందదు, సైటు వెనక్కి తోసేస్తుంది. నోటిఫికేషన్‌లో ఆ కొలత పక్కన 'ప్రిఫర్డ్' అని ఉంటే అదే నిష్పత్తిలో 280 బై 120 చేసి పెట్టొచ్చు. ఫోనుతో తీసిన సంతకం వెనకాల కాగితం బూడిద రంగులో, ఒక మూల చేతి నీడతో వస్తుంది. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిస్తే ఒక కొండ బొమ్మ కనిపిస్తుంది. కింద కుడి చివర ఉన్న తెల్ల త్రికోణాన్ని ఎడమకి లాగి ఆ కొండ పాదం దాటించాలి, కాగితం మల్లెపువ్వులా తేలుతుంది. ఎడమ చివరి నల్ల త్రికోణాన్ని కొంచెం కుడికి జరిపితే సిరా ముదురుతుంది. నీలం పెన్నుతో పెట్టి తర్వాత నలుపు చెయ్యడం కంటే నల్ల పెన్నుతో గీతలు లేని తెల్ల కాగితం మీద మొదటే పెట్టడం తేలిక. సంతకం, ఆధార్ లాంటివి ఊరూ పేరూ లేని ఉచిత కంప్రెస్ సైట్లలో ఎక్కించకండి, ఆ కాపీ ఎక్కడ మిగులుతుందో మీ చేతిలో ఉండదు. పాస్‌పోర్టు ఫోటోల షీటు సంగతి ఎలాగూ అడుగుతారు కాబట్టి: 35 బై 45 మిల్లీమీటర్లకి 413 బై 531 చుక్కలు, 4 బై 6 కాగితం మీద నాలుగేసి చొప్పున రెండు వరసలు, ఎనిమిది పడతాయి.

రంగుల దగ్గరకి వద్దాం. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిస్తే తెలుపు. ప్రెస్సులోని సయాన్, మెజెంటా, పసుపు కలిస్తే బురద, అందుకే నాలుగోదిగా నలుపు. తెర మీద మెరిసే చిలకాకుపచ్చ, కరెంటు నీలం సిరాలో అసలు లేవు. పెళ్లి కార్డు మీద నీలం కోరుకుంటే వంకాయ రంగు వచ్చిందని వచ్చే గొడవ ఇదే. నీలంలో మెజెంటా 100 ఉంటే 60, 70కి దించాలి, అప్పుడు నీలంగానే అచ్చవుతుంది. సన్నటి అక్షరాల నలుపుని నాలుగు సిరాలతో చెయ్యకూడదు, నలుపు ఒక్కటే 100 పెట్టాలి. లేకపోతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా 'కీ', 'శ్రీ' లాంటి అక్షరాల గుడుల చుట్టూ ఎర్ర నీడ వస్తుంది. న్యూస్‌ప్రింట్ మరీ మొండిది. అది సిరాని పీల్చి, సగం నలుపు కావాల్సిన చుక్కని మూడొంతుల దాకా ఉబ్బిస్తుంది. నాలుగు సిరాల మొత్తం 240 శాతం దాటితే తడి ఆరక పక్క పేజీకి అంటుకుంటుంది. మన ఎండల్లో కమిలిన ముఖాలు పేపర్లో బొగ్గులా రావడానికి కారణం చుక్క ఇలా ఉబ్బడమే. పంపేముందు లెవెల్స్‌లో మధ్య త్రికోణాన్ని ఎడమకి జరిపి 1.00ని 1.20 దాకా తెస్తే, తెర మీద కాస్త వెలిసినట్టు అనిపించినా కాగితం మీద సరిగ్గా కుదురుతుంది.

మా గజపతి జిల్లాలో ఫోటోకి లొంగని వస్తువులు రెండున్నాయి, రెండూ అమ్మకానికి ఫోటో కావాల్సినవే. ఒకటి పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు. నల్లగా, నున్నగా ఉంటాయి. ఫోను కెమెరా ఎదురుగా ఏదున్నా సగటు బూడిద వెలుగుకి తేవాలని చూస్తుంది, కాబట్టి నల్ల కొంగ బూడిద కొంగ అవుతుంది, వీపు మీది మెరుపు తెల్ల మచ్చై కూర్చుంటుంది. తెర మీద బొమ్మని ముట్టుకుంటే పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగి కొమ్ము నిజంగా నల్లగా కనిపించేదాకా తగ్గించండి. ఫ్లాషు అసలు వద్దు. గుమ్మం పక్క నీడలో పెట్టి, అవతలి వైపు తెల్ల చార్టు నిలబెడితే ఒక చివర నుంచి ఇంకో చివరకి పొడుగాటి మెత్తని మెరుపు వస్తుంది, కొమ్ము నునుపు అప్పుడే తెలుస్తుంది.

రెండోది సవర గిరిజనుల గోడ బొమ్మలు, ఇడితాల్. ఎర్రమట్టి గోడ మీద బియ్యపు పిండితో గీసిన సన్నటి తెల్ల మనుషులు. జేపెగ్ రంగుని నాలుగు చుక్కలకి ఒకటిగా రాస్తుందని పైన అన్నాం కదా, అది మామూలు ఫోటోల్లో ఎక్కడా దొరకదు, ఇక్కడ దొరికిపోతుంది. రెండు మూడు చుక్కల మందం ఉన్న తెల్ల చెయ్యి, కాలు మీదకి పక్కనున్న ఎరుపు కారి, గులాబీ రంగు తిరుగుతాయి. గింప్‌లో జేపెగ్ తీసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద సబ్‌శాంప్లింగ్‌ని 4:4:4కి, అంటే రంగునీ చుక్క చుక్కకీ రాసేలా మార్చాలి, లేదా పీఎన్‌జీ తియ్యాలి. ఎండలో నేరుగా తీస్తే ఎరుపు చానెల్ 255కి కొట్టుకుని గోడ గరుకంతా పోయి ప్లాస్టిక్ బోర్డులా ఉంటుంది. మబ్బు పట్టినప్పుడు గాని, ఇంటి నీడలో గాని తియ్యండి, వెలుగు అర మెట్టు తగ్గించండి. గోడకి ఎదురుగా నిలబడాలి. పక్క నుంచి తీస్తే వరసలు ఒక చివర సన్నబడతాయి. తర్వాత పర్‌స్పెక్టివ్ టూల్‌తో సరిచెయ్యొచ్చు గాని సన్నబడ్డ చివర చుక్కలు తక్కువ పడ్డాయి, వాటిని తేలేము.

అక్షరాల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. అక్షరం చుక్కల బొమ్మ కాదు, గీతల బొమ్మ. ఇక్కడ మొదలు, అక్కడ వంపు, ఇంత దూరంలో ముగింపు అని లెక్కలతో రాసుకున్న గీత, కాబట్టి విజిటింగ్ కార్డు మీదైనా నలభై అడుగుల హోర్డింగు మీదైనా అంచు పదునుగానే ఉంటుంది. గుడి బోర్డు, బడి లోగో లాంటివి ఒక్కసారి కోరల్‌డ్రాలోనో, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లోనో గీతలుగా గీయించి దాచుకుంటే ఏటా వాట్సాప్‌లో వెతుక్కునే పని ఉండదు. అక్షరాల్ని జేపెగ్‌లో పంపకండి, అంచుల చుట్టూ ఈగలు ముసిరినట్టు మచ్చలు వస్తాయి. పీఎన్‌జీ అయితే చుక్క పోదు, పీడీఎఫ్ ఇంకా మేలు.

మా ఊరి బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉండాలి. పాత పద్ధతిలో తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఇవి రెండూ ఇంగ్లీషు అక్షరాల చోట్లలో మన అక్షరాల్ని కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మేటర్ అంతా పిచ్చి గీతలు. యూనికోడ్‌లో తెలుగుకీ ఒడియాకీ ఎవరి చోటు వాళ్ళకుంది, ఫాంటు మారినా అక్షరం మారదు. మీ పత్రికకి కార్యక్రమాల వార్తలు పంపేవాళ్ళు యూనికోడ్‌లో పంపితే మీ డెస్కులో తిరిగి టైపు చేసే శ్రమా, తప్పులూ తగ్గుతాయి. యూనికోడ్ వత్తులు విడిపోతున్నాయని, 'స్త్రీ' ముక్కలైపోతోందని కొందరు వదిలేస్తారు. తప్పు ఫాంటుది కాదు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, పాత ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ పెట్టి, సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి. ప్రెస్సుకి ఇచ్చేముందు కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాల్ని కర్వ్స్‌గా మారిస్తే ఏ సిస్టమ్‌లోనూ చెదరవు. మార్చాక మాత్రం తప్పు దిద్దలేరు. ముహూర్తం, పేర్లు ప్రూఫ్ చూపించి, మార్చని కాపీ ఒకటి విడిగా దాచుకుని, అప్పుడు కొట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు. ఈ ఊరి బడిలో పాఠం చెబుతూ సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారి పేరే అది. హెడ్డింగులకి బాగుంటుంది, ఒడ్డూ పొడుగూ తూగుతుంది. మేటర్‌కి మాత్రం మండలి లాంటిది హాయిగా చదివిస్తుంది.

ఇన్ని చెప్పాక మీ పత్రికని అడిగేది ఒకటే. జిల్లా డెస్కుకి ఫోటోలు పంపమని మీరు వేసే వాట్సాప్ నంబరు పక్కన, ప్రకటనల రేట్ల పట్టీ కింద "ఫోటో డాక్యుమెంట్‌గా పంపండి" అని మూడు మాటలు వెయ్యండి. వీలుంటే "ముఖం వెడల్పు 400 చుక్కలకి తగ్గకూడదు" అని ఇంకో వరస చేర్చండి. ఏజెంట్లు ప్రకటన తీసుకునేటప్పుడే ఫైలు వివరాల్లో చుక్కల లెక్క చూసి, చాలకపోతే అక్కడే ఇంకో ఫోటో అడగొచ్చు. ఇంటివాళ్ళు బీరువా వెతకడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
డీటీపీ, ఫోటో స్టూడియో, ఫ్లెక్సు పనివాళ్ళం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా